పొద్దున ఒకటి

ఆ రోజు రాజేశం కొట్లో కుట్టించిన జాకెట్టు తెచ్చుకుందామని కిందికి దిగాను. రాజేశం మా బిల్డింగు కింద టైలరు. సిరిసిల్ల మనిషి. తండ్రి దాకా మగ్గం, ఆయన దగ్గరికొచ్చేసరికి కత్తెర. నన్ను చూసి మిషను ఆపాడు.

"అమ్మా, పొద్దుగాల్నే తీస్కపోయినవు గద," అన్నాడు.

లేదన్నాను. తీసుకుపోయావన్నాడు. ముప్పై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసినదాన్ని, నా జ్ఞాపకశక్తి మీద నాకు కాస్త పొగరు. నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. "సరేనమ్మా, మల్ల దేవులాడుత," అన్నాడు పాపం. పైకి వచ్చి చూస్తే జాకెట్టు మంచం మీదే ఉంది. కవరులోంచి కూడా తీయలేదు.

ఎప్పుడు తెచ్చానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. రాజేశానికి క్షమాపణ చెప్పాల్సింది పోయి, రెండు రోజులు ఆయన కంట పడకుండా మెట్లు దిగాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను పుట్టి పెరిగి రిటైరైంది మలేషియాలో, ఇపో ఊళ్లో. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి కొబ్బరి తోటల పనికి ఓడెక్కినవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లం. తోట బడిలో రాయడం నేర్చుకున్నాం, నేనూ మా చెల్లెలు కమలా. నేను పెళ్లి చేసుకోలేదు. అది వేరే కథ, ఇక్కడ దాంతో పని లేదు. రిటైరయ్యాక ఒకసారి నలుగురితో కలిసి యాత్రకని హైదరాబాదు వచ్చాను. అమీర్‌పేటలో బస్సెక్కి గుమ్మంలోనే నిలబడితే కండక్టరమ్మ, "జర లోపలికి జరుగున్రి, ఆడ్నే నిలబడ్తరేంది!" అని కసిరింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఇపోలో నన్ను తెలుగులో తిట్టడానికి అప్పటికి కమల ఒక్కతే మిగిలింది. ఊరు ఊరంతా తెలుగులో తిట్టుకునే చోట ముసలితనం గడుపుదామని వచ్చేశాను. ఆరేళ్లయింది. కాగితాల మీద మాత్రం నాకు ఇది ఇప్పటికీ విదేశమే.

నా ఫ్లాటు అమీర్‌పేట నుంచి బల్కంపేట వైపు పోయే సందులో, మూడో అంతస్తు. చుట్టూ హాస్టళ్లు. పిల్లలు కోర్సు చేస్తారు, ఉద్యోగం దొరికితే ఖాళీ చేస్తారు. నేను ముఖం గుర్తుపట్టేలోపు మనిషి మారిపోతాడు. తెలుగు వినాలని వచ్చాను, చెవులారా విన్నాను. నాతో మాట్లాడేవాళ్లు ఉండాలని మాత్రం ఆలోచించలేదు. పాలవాడితో ఒక మాట, రాజేశంతో రెండు మాటలు, మెడికల్ షాపులో మూడు. కొన్ని రోజులు అంతే.

జాకెట్టు సంగతి జరిగింది మే నెలలో, ఎండలు మండిపోతున్నప్పుడు. టీవీలో, పేపర్లో, లిఫ్టులో ఎవరిని కదిపినా ఒకటే మాట, నీళ్లు బాగా తాగండి. నాకు BP ఉంది కాబట్టి ఉప్పు ఎప్పుడో తగ్గించేశాను. చెప్పిన మాట వినే రకాన్ని కదా, పొద్దున్నే నాలుగు లీటరు సీసాలు బల్ల మీద వరసగా పెట్టుకుని రాత్రికి ఖాళీ చేసేదాన్ని. అయినా తలనొప్పి. అన్నం చూస్తే వికారం. నడుస్తుంటే కాళ్లు నేల మీద ఆనేవి కావు. ఎండ దెబ్బేమోనని ఇంకో సీసా తాగేదాన్ని.

తర్వాత మాట మందగించింది. చిన్నప్పటి నుంచి నా మాట గబగబా ఉంటుంది. ఎక్స్ఛేంజ్‌లో ఒక ఫోన్‌కాల్ కలుపుతూ ఇంకోదానికి జవాబు చెప్పి చెప్పి అలా స్థిరపడిపోయింది. అలాంటిది, మెడికల్ షాపులో నిలబడి మాట కోసం వెతుక్కోవడం మొదలైంది. తెలుగు మాట రావాల్సిన చోట మలయ్ భాష మాట వచ్చేది. షాపు అతను నవ్వి, "మీ మలేషియా తెలుగు మస్తుంటది అమ్మా," అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వి, బయటికొచ్చి, గోడ పట్టుకుని నిలబడ్డాను.

నాకు మతిమరుపు జబ్బు మొదలైందని నమ్మేశాను. ఇపోలో కమల ఇంటి దగ్గరే ఒక వృద్ధాశ్రమం ఉంది. మా ఎక్స్ఛేంజ్ సూపర్‌వైజరమ్మ అక్కడే ఉంటుంది. చూడ్డానికి పోతే, ఎదురుగా నిలబడ్డ నన్నే "ఏ నంబరు కావాలి?" అని అడిగింది. కమల నాతో ఎప్పుడో చెప్పింది: "అక్కా, నీకేటైనా అయిందని తెలిస్తే ఒక్క రోజు అక్కడ ఉండనివ్వను. వచ్చీసి తీసుకుపోతాను." అన్న మాట నిలబెట్టుకునే మనిషి. అందుకని దాచాను. రోజూ అరగంట మాట్లాడేవాళ్లం. దాన్ని ఐదు నిమిషాలకి తగ్గించాను. మాట తడబడుతోందని అనిపించాక ఫోను ఎత్తడం మానేసి, బొటనవేలు బొమ్మ పంపేదాన్ని. నా ఇల్లు, నా తాళంచెవి, నా సందు పోగొట్టుకోకూడదనే ఒక్క పట్టుదల. ఆ పట్టుదలతోనే ఉన్న ఒక్క మనిషినీ దూరం పెట్టుకున్నాను.

జూన్‌లో ఒక మధ్యాహ్నం రాజేశం కొట్టు ముందు పడిపోయాను. నాకు మెట్లు దిగడం గుర్తుంది. ఆ తర్వాతది రాజేశం చెప్పగా విన్నదే.

ఆయనా, ఎదురు పండ్లబండి ఖాదర్ భాయీ కలిసి నన్ను ఆటోలో వేశారట. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఖాదర్ భాయ్ దిగి ముందు నడుస్తూ దారి చేశాడట. ఎమర్జెన్సీలో మొదట అడిగిన ప్రశ్న, "అటెండెంట్ ఎవరు?"

"నేనే," అన్నాడు రాజేశం.

"పేషెంటుకు ఏమైతరు?"

"కింద టైలర్ను."

కంప్యూటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి నా చేతిసంచిలో దొరికిన పాస్‌పోర్టులో పేరు చూసి, మధ్యలో A/P అని ఉంటే, "ఆంధ్రప్రదేశా?" అని అడిగిందట. మలేషియాలో ఫలానావారి కూతురు అని చెప్పడానికి అలా రాస్తారు. చెప్పాల్సినదాన్ని నేను స్ట్రెచర్ మీద ఉన్నాను.

డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నన్ను ప్రశ్నలడిగింది. ఇది ఏ ఊరు, ఏ నెల, ప్రధానమంత్రి ఎవరు. నేను మెల్లగా ఒక పేరు చెప్పానట. అది మలేషియా ప్రధాని పేరు. డాక్టరు కాగితం మీద "disoriented" అని రాసుకుని రాజేశం వైపు తిరిగింది.

"ఈమె మామూలుగా ఇట్లనే మాట్లాడుతదా?"

రాజేశం తనకి తెలిసింది చెప్పాడట. "ఆమెది మలేషియా తెలుగు మేడం. ఎప్పుడు సుత జర అట్లనే ఉంటది."

ఆయన్ని తప్పుపట్టలేను. ఆరేళ్లలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు చేతుల పొడవు, మెడ లోతు, ఎప్పుడిస్తావు, రేపిస్త. అంత మాత్రానికి నా మామూలు ఏమిటో ఆయనకి ఎలా తెలుస్తుంది? ఈ నగరంలో ఇంకెవరికి తెలుసు? ఆ మాట ఆయన తర్వాత నాకు చెప్పినప్పుడు నవ్వుతూనే విన్నాను. ఇంటికొచ్చాక చాలా ఏడ్చాను.

సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. తర్వాత బ్లడ్ రిపోర్టు వచ్చింది. సోడియం 113. నూట ముప్పై అయిదు పైన ఉండాలట. పెద్ద డాక్టరు గారు వచ్చారు, జుట్టు నెరిసినాయన. "ఈ సోడియంతో ఫిట్స్ రాకపోవడం అదృష్టం," అని, రాజేశాన్ని అడిగారు: "ఇది రెండు రోజుల నుంచా, రెండు నెలల నుంచా? అది తెలియాలి. కొత్తగా పడిపోయిందైతే ఒక పద్ధతి. చాన్నాళ్లుగా తక్కువుంటే మెల్లగా పెంచాలి, తొందరపడితే మెదడు దెబ్బతింటుంది. ఈమె సంగతి తెలిసినవాళ్లు ఎవరున్నారు?"

రాజేశం నా ఫోను తీశాడు. అది తెరవడానికి నా వేలు కావాలి. నేను చెయ్యి లాక్కుని "వద్దు, వద్దు" అన్నానట. ఆ "వద్దు" నాకు లీలగా గుర్తుంది. ఫోను తెరుచుకుంటే కమలకి తెలిసిపోతుంది, తెలిస్తే నా ఇల్లు పోతుంది. ఆ ఒక్క సంగతీ అంత మబ్బులోనూ నాకు స్పష్టంగా తెలుసు.

"గుస్సా గాకు అమ్మా," అని రాజేశం నా వేలు పట్టుకుని అద్దం మీద ఆనించాడు.

డాక్టరు గారు కమల నంబరు కలిపి స్పీకర్ పెట్టారు. కమల అవతల నుంచి "అక్కా, అక్కా" అని పిలిచింది. నేనేదో అన్నాను. అది విని కమల, "డాక్టరుగారూ, ఇది మా అక్క మాట కాదు," అందట. "మా అక్క మాటాడితే ఎదుటోళ్లకి సందివ్వదు. రెణ్ణెల్లుగా తేడాగానే ఉంది. మొదట మాటలు తగ్గించీసింది, తరవాత ఫోనెత్తడం మానీసింది. నా మీద కోపమొచ్చిందనుకున్నాను." అంతలోనే, "నేను పంపిన BP మాత్రలు ఏసుకుంటందా?" అని అడిగింది.

"మీరు పంపినవా? ఏ మాత్రలు?" అన్నారు డాక్టరు గారు.

రాజేశం నా తాళంచెవి తీసుకుని పోయి, వంటగదిలో ఉన్న బిస్కెట్ల రేకు డబ్బా ఉన్నదున్నట్టు తెచ్చాడు. అందులో రెండు రకాల స్ట్రిప్పులు. ఒకటి పంజాగుట్టలోనే వేరే క్లినిక్‌లో ఆర్నెల్ల కిందట రాసిచ్చినది. ఇంకోటి ఇపో నుంచి వచ్చేది. పైన పేర్లు వేరు, రంగులు వేరు. కింద చీమతలకాయంత అక్షరాల్లో మాత్రం రెండింటి మీదా ఒకటే మందు, hydrochlorothiazide. ఒంట్లోంచి నీళ్లతో పాటు ఉప్పును కూడా బయటికి పంపే మాత్ర. అది రోజుకి రెండింతలు. దాని మీద ఉప్పు లేని కూర. దాని మీద నాలుగు లీటర్ల నీళ్లు. నన్ను నేనే పలచన చేసుకున్నాను.

"రెండూ ఒకటేనని తెలియదా అమ్మా?" అని డాక్టరు గారు తర్వాత నన్నడిగారు.

తెలియదన్నాను.

ఐసీయూలో నాలుగు రోజులు. రెండు మాత్రలూ ఆపేశారు. సెలైన్ చుక్కచుక్కగా ఎక్కించారు. ఆరేసి గంటలకి రక్తం తీశారు. రోజంతా తాగడానికి కొలత పెట్టి కాసిని నీళ్లు. నాలుక పిడచగట్టుకుపోయింది. రెండో రోజు సోడియం అనుకున్నదానికంటే త్వరగా పైకి వచ్చింది. నిన్న నీళ్లు వద్దన్నవాళ్లు ఇవాళ నీళ్లే ఎక్కించడం మొదలుపెట్టారు. అడిగితే నర్సమ్మ, "ఫాస్ట్ పెరగొద్దమ్మా, డేంజర్," అంది. ఆ రోజు చాలా భయపడ్డాను. బతుకుతానా లేదా అని కాదు. బతికాక నేను నేనుగా ఉంటానా అని.

తర్వాత రెండు రోజులు వార్డు. విజిటింగ్ అవర్స్‌లో పక్క మంచం ఆవిడ చుట్టూ కూతుళ్లు, కోడళ్లు, క్యారేజీలు. నా మంచం పక్కన స్టూలు ఖాళీ. వాళ్ల మనిషి ఒకరు మొహమాటంగా వచ్చి, "ఎవ్వరు కూసోరా అమ్మా?" అని అడిగి తీసుకుపోయారు. కూర్చునేవాళ్లు లేనప్పుడు స్టూలు ఎందుకు? ఇచ్చేశాను. రాజేశం రెండుసార్లు వచ్చాడు, మెడలో కొలతల టేపు అలాగే ఉంది. కూర్చోమనడానికి స్టూలు లేదు. "జాకెట్టు నేనే తీసుకుపోయాను," అన్నాను. "గది పోనియ్ అమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చాక నెల రోజులు తల మబ్బుగానే ఉంది. గ్యాస్ ఆపానో లేదో అని మూడుసార్లు లేచేదాన్ని. వారానికోసారి సోడియం టెస్టు. ఆషాఢం వచ్చింది. బల్కంపేట ఎల్లమ్మ దగ్గర డప్పులు పొద్దున్నుంచీ వినిపించేవి. సందంతా జనం, నెత్తిన బోనాలు, వేపాకు వాసన. బాల్కనీలో కుర్చీ వేసుకుని చూశాను. అంత జనంలో నాకు పేరు పెట్టి పిలవగలిగే ముఖం ఒక్కటీ లేదు. అప్పుడు, నిజం చెప్తున్నాను, ఇపో వెళ్లిపోదామనే అనుకున్నాను.

తర్వాతి రివ్యూకి పంజాగుట్ట వెళ్తే డాక్టరు గారు మళ్లీ అవే ప్రశ్నలడిగారు. "ప్రధానమంత్రి ఎవరు?"

"ఏ దేశానికి డాక్టరు గారూ?" అన్నాను.

ఆయన నవ్వారు. ఇంకో పావుగంట లెక్కలు, బొమ్మలు, వెనక నుంచి నెలల పేర్లు అడిగి, "మీకు డిమెన్షియా లేదమ్మా. సోడియం నార్మల్. ఒక్కరే ఉండొచ్చు," అన్నారు. మెట్రో స్టేషన్ మెట్ల మీద ఒక పక్కకి కూర్చుని ఏడ్చాను. ఎవరూ ఆగలేదు. నయం, ఆగితే ఏమని చెప్పేదాన్ని?

ఆ సాయంత్రం కమలకి డాక్టరు గారన్నది చెప్పాను. అది మోకాళ్లు మార్పించుకుని మంచంలో ఉండబట్టి గానీ, లేకపోతే ఎప్పుడో విమానం ఎక్కేది. ఇపో రమ్మని అంటుందని చూశాను. అనలేదు.

"నేనేటి చెప్పగలను అక్కా," అంది. "నా మాత్రలే కదా నిన్ను చంపబోయాయి."

రెణ్ణెల్లుగా ఆ మాట మోస్తోందన్నమాట. తెలియదన్న ఒక్క మాటతో నేను డాక్టరు దగ్గర దాచిన తప్పు సముద్రం దాటిపోయి దాని నెత్తిన కూర్చుంది.

మీతోనూ ఇంతవరకూ పూర్తిగా చెప్పలేదు. పడిపోవడానికి ఆర్నెల్ల ముందు క్లినిక్‌లో కొత్త మాత్ర రాసిన డాక్టరు, "పాతది ఏదైనా ఉంటే ఆపేయండి," అని స్పష్టంగా చెప్పాడు. నేను తలూపి వచ్చాను. రెండూ ఒకటే మందని తెలియదు, అది నిజమే. ఆపమన్నారన్నది మాత్రం బాగా తెలుసు.

ఆపలేదు. ఎందుకంటే ఇటు వచ్చేవాళ్లెవరో ఒకరితో కమల పంపే ఆ మాత్రల కవరు మీద దాని చేత్తో తెలుగులో రాసి ఉంటుంది: పొద్దున ఒకటి. తోట బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు. నాకు చేతిరాతతో ఏదైనా వచ్చేది అదొక్కటే. రోజూ పొద్దున్నే ఆ కవరు చూసి మాత్ర వేసుకుంటే, నన్ను ఎవరో నిద్ర లేపి గ్లాసు చేతికిచ్చినట్టుండేది. BP మాత్రే కదా, ఒకటి ఎక్కువైతే ఏమవుతుందనుకున్నాను. మాత్రలు వద్దంటే కవరు రాదు. అదీ సంగతి.

అదంతా ఆ సాయంత్రం కమలకి చెప్పేశాను. ఫోను పెట్టేస్తుందనుకున్నాను. అప్పుడు మొదలుపెట్టింది.

"నీకు బుద్దున్నాదా? అరవై ఎనిమిదేళ్లొచ్చాయి, ఎందుకు? గోడకి కొట్టుకోడానికా? కాగితమ్ముక్క కోసరం ప్రాణం తీసుకుంటావా? కావాలంటే అడగడానికి నోరు పడిపోయిందా?"

ఊపిరి తీసుకోకుండా అరగంట తిట్టింది. నేను మధ్యలో దూరబోతే సందివ్వలేదు. ఫోను చెవికి ఆనించుకుని మంచం మీద పడుకుని మొత్తం విన్నాను. చాలా రోజుల తర్వాత ఆ రోజు ఆకలేసింది.

ఇప్పుడు సంవత్సరం దాటింది. అమీర్‌పేటలోనే ఉన్నాను, ఒక్కదాన్నే. ఒంటరితనం పోయిందని చెప్పను. అది ఒక మందుతో పోయేది కాదు. సోడియం మూడు నెలలకోసారి చూపించుకుంటాను. వేరే రకం BP మాత్ర, ఒకటే. దాహం వేస్తేనే నీళ్లు. రోజూ పొద్దున ఏడింటికి కమల ఫోను చేస్తుంది. నేను మెల్లగా మాట్లాడితే వెంటనే "ఏటయింది?" అంటుంది. రాజేశం దగ్గర కమల నంబరుంది. కొట్టు తెరవగానే పైకి చూసి, "అమ్మా, మంచిదేనా?" అని కేకేస్తాడు. నేను బాల్కనీలోంచి ఏదో ఒకటి గబగబా అంటాను. అర్థమైనా కాకపోయినా, గబగబా ఉంటే చాలని ఆయనకి చెప్పి పెట్టాను.

పోయిన నెల ఇపో నుంచి వచ్చినావిడ ఒక కవరు తెచ్చిచ్చింది. పైన అవే గుండ్రటి అక్షరాలు, పొద్దున ఒకటి. మళ్లీ మాత్రలేననుకున్నాను. విప్పితే ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన రేగుపండ్ల లాంటివి, అసం బోయ్ అంటాం మేము. చిన్నప్పుడు బడి బయట కొనుక్కుని బుగ్గన పెట్టుకునేవాళ్లం. రివ్యూలో డాక్టరు గారికి కవరుతో సహా చూపించాను. అటూ ఇటూ తిప్పి చదివి, "ఉప్పు చాలా ఉంది. రాసినట్టే, ఒకటంటే ఒకటే," అన్నారు.

చదివేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మీరు మింగేవన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద కుమ్మరించండి. ఊరి నుంచి, దేశం నుంచి ఎవరో ప్రేమగా పంపినవి ముందు తీయండి. ఆపమన్న మాత్ర ఆపలేకపోతే, ఎందుకు ఆపలేకపోతున్నారో సిగ్గుపడకుండా అది కూడా చెప్పండి. డాక్టరు ఏమంటారో ఏమో గానీ, మాత్ర పంపినవాళ్లు మాత్రం తప్పకుండా తిడతారు. తిట్టనివ్వండి.